తోడుకు మిగిలింది

సూళ్లూరుపేట లోకల్ ఆ రోజు పొన్నేరి దగ్గర నలభై నిమిషాలు ఆగిపోయింది.
నేను తరమణి ల్యాబ్‌కి చేరేసరికి
నూట పద్దెనిమిదో నంబరు అప్పటికే వచ్చి కూర్చున్నాడు,
మెడ పక్కన ప్లాస్టరు, చేతిలో చల్లారిన కాఫీ.

పేర్లు మాకు తెలియకూడదు.
అయినా అతను ధనకోటి అని నాకు తెలుసు,
మాధవరంలో లారీ టైర్లకు పంక్చర్లు వేస్తాడని తెలుసు.
రెండేళ్ల కిందట అందరితో అరవంలో మాట్లాడుతూ మాట్లాడుతూ
సూది చూడగానే "ఈసారి కుడిచెయ్యి తల్లీ" అనేశాడు.
అలా దొరికిపోయాడు.

హెచ్ఐవి అతని ఒంట్లో చేరి పంతొమ్మిదేళ్లు.
అద్దె కట్టదు, ఖాళీ చెయ్యదు.

ఇవాళ అతనిచ్చింది రక్తం కాదు,
చిక్కుడు గింజంత లింఫు గ్రంథి.
జల్లెడ మీద మెత్తగా నలిపి
టి కణాలకు రంగులు తొడిగి
ఒక్కొక్కదాన్నీ లేజరు ముందు నడిపించాను.
తెర మీద చుక్కలు పడ్డాయి,
అక్టోబరు వాన సిమెంటు మేడ మీద మొదలైనట్టు
ముందు నాలుగు, తర్వాత లెక్కలేదు.

చాలావరకు అలిసిపోయినవే.
ఏళ్ల తరబడి ఒకటే శత్రువు, ఒంటి నిండా బ్రేకులు.
చూస్తాయి. గుర్తుపడతాయి. చెయ్యి లేవదు.
కోయంబేడులో తెల్లారేదాకా బస్తాలు దించి
ఆ ఖాళీ సంచుల మీదే ఒరిగిపోయే వాళ్లలా.

ఆ గుంపు చుట్టూ గీత గీసి
అంకె రాసుకుని ముగించబోయాను.
"అక్కడ," అంది డాక్టర్ ఎళిలరసి,
పెన్ను మూతతో తెర మూల తాకి.
"వాటిని వదిలేశావు."

చిన్న మరక. నూటికి మూడో, నాలుగో.
నేను దుమ్మనుకున్నాను.

అవి పోరాడటం లేదు. గ్రంథి దాటి బయటికి రావు.
ఎప్పుడో, తొందరేం లేదన్నట్టు, రెండుగా విడతాయి.
ఒకటి వెళుతుంది,
వైరస్ పట్టిన కణాన్ని వెతికి చంపుతుంది, అలిసిపోతుంది, తిరిగి రాదు.
రెండోది ఉండిపోతుంది.
పంతొమ్మిదేళ్ల యుద్ధం
ఈ ఉండిపోవడం మీద నడుస్తోంది.

డాక్టర్ వాటికేదో పేరు చెప్పింది, సగం అక్షరాలు, సగం అంకెలు.
నాకు మా వదిన గొంతు వినపడింది.
అన్నయ్య నైట్ డ్యూటీ దిగి
ఫ్రిజ్ ముందు నిలబడే పెరుగంతా ఊడ్చేస్తే
"తోడుకైనా ఉంచొద్దా మనిషివి?" అని అరుస్తుంది.
గిన్నె అడుగున ఒక్క చెంచా.
తినడానికి చాలదు. కడిగేస్తే రేపు లేదు.
మే నెలలో పులుస్తుంది, కరెంటు పోతే మరీనూ.
మరీ పాడైతే పక్కింట్లో అడగొచ్చు, వదినకు నామోషీ గానీ.

ధనకోటి మెడలో పక్కిల్లు లేదు.

గొప్పగా చెప్పడం నాకు చేతకాదు.
ఈ చెంచాడు వైరస్‌ని వెళ్లగొట్టదు.
అదే గ్రంథిలో, ఒక గోడ అవతల,
వైరస్ కూడా దుప్పటి కప్పుకుని ఉంది.
కొన్ని వారాలు మాత్రలు మానితే లేచి కూర్చుంటుంది.
ఓపిక ఇద్దరికీ తెలుసు.

సాయంత్రం కట్టు మార్చుకుని వెళుతూ
తలుపు దగ్గర ఆగాడు.
"ఏం తల్లీ, లోపల మనవాళ్లు ఎవరైనా మిగిలారా?"
నవ్వుతూనే అడిగాడు. కళ్లు మాత్రం నా మొహం మీదే.

ఫలితాలు చెప్పకూడదు. నియమాల కాగితం మీద నా సంతకం ఉంది.
నేను గ్లౌజు తీసి
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య
చిక్కుడు గింజంత ఎడం చూపించాను.

"చాల్లే," అన్నాడు. "దాంతోనే లాగుదాం."

తర్వాత బస్సు చార్జీల రసీదు మీద వేలిముద్ర వేసి,
నలభై తక్కువిచ్చారని గుమస్తాతో కాసేపు పోట్లాడి,
గెలిచి,
మాధవరం బస్సు కోసం ఎండలోకి వెళ్లాడు.